వస్తుగ్రహణమున కారణపరివర్తనము: డేనిష్, ఆంగ్ల, ఆంధ్ర కృతుల పరిశీలనము

1

ఆధునికాంధ్ర సాహిత్యమును గూర్చిన చర్చలలో నొక ప్రశ్న తరచుగా తలయెత్తుచుండును. మన నవల, మన ఖండకావ్యము ఆంగ్లసాహిత్యమునకు నీడలు కావా యనునదే యా ప్రశ్న. దీనికి సాధారణముగా రెండు విధములైన సమాధానములు వినవచ్చుచున్నవి. ఒక పక్షమువారు మూలమును దాచుటకో, దాని ప్రాధాన్యమును తగ్గించి చూపుటకో యత్నింతురు. రెండవ పక్షమువారు మూలమును అనుకృతిని ప్రక్కప్రక్కన నిలిపి, పోలికలను వరుసగా పేర్చి, ఇంత యెరవు, ఇంత స్వంతమని తూచి చెప్పుదురు. మొదటిది అభిమానము, రెండవది లెక్క. ఈ రెండును విమర్శకు చాలవని మా యభిప్రాయము.

ఆంగ్లసాహిత్యము మనకు దాతగా కన్పట్టుచున్నది గాని, అదియు నొకప్పుడు గ్రహీతయే. ఆంగ్లనాటకములలో నెల్లవారి నోటను నానుచున్న ‘హామ్లెట్’ డెన్మార్కు కథ. ఆంగ్లభాషలోని ప్రాచీన మహాకావ్యమైన ‘బేవుల్ఫ్’ డేనుల రాజభవనమున నారంభమగును. అట్లు తెచ్చుకొన్నవారు దేనిని మార్చుకొనిరి, దేనిని మార్చలేకపోయిరి యని ముందుగా పరిశీలించినచో, మనవారి గ్రహణమును తూచుటకు న్యాయమైన త్రాసు లభించును. కనుక ఈ వ్యాసమున ముందు డేనిష్ వస్తువు ఆంగ్లకృతియైన తీరును, పిదప ఆంగ్లవస్తువు తెలుగుకృతియైన తీరును విచారింపనున్నాము. కొలబద్దను మాత్రము మన లాక్షణికుల వద్దనే తీసికొందుము.

2

ఆ కొలబద్దలలో మిక్కిలి కఠినమైనది కోనసీమకు చెందినది. రసగంగాధరకర్తయగు జగన్నాథ పండితరాయల జన్మస్థానము అమలాపుర ప్రాంతమందలి ముంగండ యగ్రహారమని ప్రసిద్ధి. షాజహాను చక్రవర్తి యాస్థానమున పండితరాజ బిరుదము నందిన యీ యాంధ్రుడు, షేక్స్పియరు గతించిన (1616) పిమ్మటి తరమువాడు. లక్షణగ్రంథములలో పూర్వకవుల పద్యములను ఉదాహరణములుగా గైకొనుట అంతకుముందు సర్వసామాన్యమైన యాచారము. పండితరాయలు దానిని విడిచిపెట్టెను. తన గ్రంథమున చూపిన యుదాహరణములన్నియు తాను రచించినవే యనియు, పరుల దేదియు నందు లేదనియు ప్రతిజ్ఞచేసి, కస్తూరిని పుట్టింపగల మృగము పూలవాసనను మనసునందైన తలచునా యని ప్రశ్నించెను. పరస్వమును ముట్టననుటలో ఇంతకన్న గట్టిమాట మన సాహిత్యశాస్త్రమున కానరాదు.

ఐనను, ఈ కఠినవ్రతుడు కావ్యమునకు చెప్పిన లక్షణమును గమనింపవలెను. రమణీయమైన యర్థమును ప్రతిపాదించు శబ్దమే కావ్యమని యాయన మతము. కావ్యహేతువు ప్రతిభ యొక్కటియే యనియు ఆయన సిద్ధాంతము. వస్తువు ఎక్కడినుండి వచ్చినదను ప్రశ్న ఈ లక్షణమున లేదు. అనగా యెరవును నిరాకరించుట ఆయనకు వ్యక్తిగతమైన దీక్షయే గాని కావ్యత్వమునకు నిబంధనము గాదు.

వస్తుసామ్యమును శాస్త్రీయముగా విచారించినవారు ఆనందవర్ధనుడును, ఆ పిమ్మట రాజశేఖరుడును. ధ్వన్యాలోకపు నాలుగవ యుద్ద్యోతమున ఆనందవర్ధనుడు కవుల భావసంవాదమును మూడు తెగలుగా విభజించెను. ఒకటి ప్రతిబింబము వంటిది. దానికి తనదగు ఆత్మ లేదు గాన త్యాజ్యము. రెండవది చిత్రపటము వంటిది. ఆత్మ కలదు గాని తుచ్ఛము. మూడవది ఒకరినొకరు పోలిన యిరువురు మనుజుల వంటిది. శరీరములు పోలినంత మాత్రమున ఇద్దరును ఒక్కరే యని ఎవరును అనరు గాన ఇది గ్రాహ్యము. కావ్యమీమాంసాకర్త రాజశేఖరుడు వీనికి ప్రతిబింబకల్పము, ఆలేఖ్యప్రఖ్యము, తుల్యదేహితుల్యమని పేర్లుపెట్టి, పరపురప్రవేశసదృశమను నాలుగవదానిని చేర్చెను. యోగి పరకాయమున ప్రవేశించినట్లు, మూలమొక్కటియే యైనను పరికరమంతయు వేరగుట దీని లక్షణము.

రాజశేఖరుని గ్రంథముననే అవంతిసుందరి చెప్పినట్లు ఒక విచిత్రమైన జాబితా కలదు. అతడు అప్రసిద్ధుడు, నేను ప్రసిద్ధుడను. అతని భాషకు ఆదరము లేదు, నా భాషకు కలదు. అతడు దేశాంతరపువాడు — ఇట్టి కారణములు చెప్పుకొని కవులు పరుల సొత్తును గైకొందురని యామె వివరించినది. ‘దేశాంతరపువాడు’ అను మాట మన ప్రకృత విషయమునకు సరిగా సరిపోవుచున్నది. అన్యభాషలనుండి తెచ్చుకొనుట నేడు పుట్టిన సమస్య కాదనుటకు ఇదియే సాక్ష్యము.

ఈ విభాగములు ముఖ్యముగా ముక్తకములను, విడివిడి భావములను దృష్టియందుంచుకొని చేయబడినవి. కథాకావ్యములకు అన్వయించునపుడు మరియొక గుర్తు కావలసివచ్చును. దేనిని మార్చినచో కథకు ఆత్మ మారును? దీనికి సమాధానము శాకుంతలమునందే కలదు. భారతకథలో దుష్యంతుడు శకుంతల నెరిగియుండియే, లోకాపవాదమునకు వెరచి, ఎరుగననును. కాళిదాసు నాటకమున దుర్వాసుని శాపముచే మరచి, ఎరుగననును. కార్యము రెండింటను ఒక్కటియే: నిండుసభలో నిరాకరణము. మారినది కారణము మాత్రమే. ఆ యొక్క మార్పుతో నాయకుడు అనృతవాది గాక దుఃఖపాత్రుడయ్యెను. నాటకపు ఉత్తరార్ధమంతయు దానినుండియే పుట్టెను. రసమునకు ప్రతికూలమైన పూర్వకథాంశమును విడిచి, అనుకూలమైనదానిని కల్పించుకొనుట కవికి ధర్మమని ఆనందవర్ధనుడు మూడవ యుద్ద్యోతమున చెప్పినమాటకు ఇది లక్ష్యము.

కావున మేము ప్రతిపాదించు సూత్రమిది: కథలోని కార్యములు ఎన్ని పోలినను, వానికి కారణము మారినచో ఆ కథ గ్రహీతదగును, కారణము మారనిచో, పేర్లు, ఊర్లు, వేషములు ఎన్ని మారినను అది ఆలేఖ్యమే. ఈ సూత్రమును ముందుగా డెన్మార్కు కథయందు పరీక్షింతము.

3

డెన్మార్కు తెలుగుభాషకు పూర్తిగా అపరిచితమైన దేశము కాదు. డెన్మార్కు రాజు తరంగంబాడిలో నెలకొల్పిన క్రైస్తవసంఘమున పనిచేయ వచ్చిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను పండితుడు 1728లో తెలుగు వ్యాకరణమును రచించెను. ఆయన తెలుగు పుస్తకములు 1746, 1747 ప్రాంతమున జర్మనీలోని హాలే నగరమున అచ్చయినవి. కాని డెన్మార్కు సారస్వతము మనకు నేరుగా గాక ఆంగ్లము ద్వారముననే తెలిసినది. ఆ ద్వారమున ముందు నిలుచునది హామ్లెట్ కథ.

ఈ కథను తొలుత సమగ్రముగా వ్రాసినవాడు సాక్సో గ్రమాటికస్. క్రీ. శ. 1200 ప్రాంతమున ఆయన లాటిను భాషలో రచించిన డేనుల చరిత్రయందు మూడవ, నాలుగవ ప్రకరణములలో ఆమ్లెత్ అను రాజకుమారుని వృత్తాంతము కలదు. ఆ గ్రంథము 1514లో ప్యారిసు నగరమున తొలిసారి అచ్చుపడినది. ఫ్రెంచివాడగు బెల్‌ఫొరే 1570లో ఆ కథను తన కథాసంపుటములలో చేర్చెను. 1589 నాటికే ఇంగ్లండులో హామ్లెట్ నాటకమొకటి యుండినట్లు ఆనాటి వ్రాతలవలన తెలియుచున్నది గాని అది నేడు లభింపదు. షేక్స్పియరు నాటకము సుమారు 1600 ప్రాంతమున వెలసి, 1603లో ఒక పాఠముగను, 1604–05లో విపులతరమైన పాఠముగను, 1623 నాటి నాటకసంపుటమున మరియొక పాఠముగను ముద్రితమైనది.

సాక్సో చెప్పిన కథ యిట్లున్నది. జట్లండు నేలిన హొర్వెండిల్‌ను తమ్ముడు ఫెంగ్ చంపి, అన్న భార్యయగు గెరూతను పెండ్లాడెను. ఈ హత్య రహస్యము కాదు. అన్న ఆమెను బాధించుచుండగా ఆమెను కాపాడుటకే చంపితినని ఫెంగ్ బహిరంగముగా చెప్పుకొనెను, లోకము నమ్మెను. కొడుకగు ఆమ్లెత్, తనకును అదేగతి పట్టునని గ్రహించి, పిచ్చివానివలె నటించెను. అతని మతిని పరీక్షించుటకు ఒక యువతిని పంపిరి. తల్లితో నతడు మాటలాడునపుడు చాటున పొంచియున్నవానిని చంపెను. బ్రిటనుకు పంపగా, వెంటవచ్చిన యిరువురు మోసుకొనిపోవు ఆజ్ఞను మార్చి, వారినే బలియిచ్చెను. తుదకు తన యుత్తరక్రియల విందు జరుగుచుండగా తిరిగివచ్చి, మందిరమును తగులబెట్టి, ఫెంగ్‌ను చంపి, రాజయ్యెను.

షేక్స్పియరు నాటకము నెరిగినవారికి ఇందలి కార్యములు దాదాపు అన్నియు పరిచితములే. పిచ్చినటన, యువతి, చాటున పొంచినవాని చావు, తల్లితో సంభాషణము, సముద్రయానము, మార్చిన లేఖ — ఏదియు కొత్తది కాదు. పోలికల పట్టిక వేయు విమర్శకుని చేతిలో షేక్స్పియరు చిక్కక తప్పదు.

కాని షేక్స్పియరు ఒక్క కారణమును మార్చెను. సాక్సో కథలో బహిరంగమైన హత్యను రహస్యము చేసెను. సర్పదష్టుడై రాజు మరణించెనని డెన్మార్కు ప్రజలు నమ్మియున్నారు. నిజమును చెప్పునది మృతరాజు ప్రేతము ఒక్కటియే. ప్రేతము నిజముగా తండ్రిదో, పిశాచము పన్నిన మాయయో కుమారునికి తెలియదు. సాక్సో కథలో ఆమ్లెత్తునకు ఆలస్యము కలిగించునది బయటనున్నది: శత్రువు బలము, కాపలా, ఒంటరితనము. షేక్స్పియరు నాటకమున ఆలస్యము లోపలికి పోయెను. ఎరుక సంశయగ్రస్తమైనపుడు కార్యమునకు పూనుట ఎట్లు? ఆ రాజకుమారుని ప్రశ్న ఇదియే.

మన పరిభాషలో చెప్పవలెనన్న, సాక్సో కథకు క్రోధోత్సాహములు స్థాయి. రౌద్రవీరములందు అది పర్యవసించుచున్నది. షేక్స్పియరు ఆ స్థాయిని తీసివేయలేదు. కాని భరతుడు పేర్కొన్న ముప్పదిమూడు సంచారిభావములలో మొదటిదైన నిర్వేదమును, కడపటిదైన వితర్కమును తెచ్చి ఆ స్థాయికి అడ్డుగా నిలిపెను. స్థాయిని పోషింపవలసిన సంచారులు దానిని కదలనీయకుండుటయే ఈ నాటకపు విశేషము. ఇది సాక్సోయందు లేదు. డెన్మార్కునుండి వచ్చిన దేహమున ఆంగ్లకవి ప్రవేశపెట్టిన ప్రాణమిది. కనుక ఇది పరపురప్రవేశమే.

ఐనను ఇచ్చట దాచరాని అతుకు ఒకటి కలదు. హత్య బహిరంగమైనపుడు పిచ్చినటనకు బలమైన ప్రయోజనముండెను; అది ప్రాణరక్షణోపాయము. హత్య రహస్యమైన పిమ్మట, కుమారునకు నిజము తెలియునని శంకించువా డెవడును లేడు. ఇక పిచ్చినటన ఎందులకు? అది రక్షింపకపోగా, రాజునకు అనుమానమును పుట్టించుచున్నది. కారణము మారినను, పాతకారణమునకు చెందిన కార్యమొకటి మిగిలిపోయినది. టి. యస్. ఎలియట్ 1919లో ఈ నాటకమును విఫలకృతి యని, పాతసామగ్రి కవికి లొంగలేదని యనుటలో ఇట్టి పరిశీలనమే కలదు. విఫలమను తీర్పును మేము అంగీకరింపము. కాని అతుకు ఉన్నమాట నిజము. మహాకవి గ్రహణముననైనను ఇట్టి మిగులు ఉండగలదని గుర్తించినచో, మనవారి కృతులయందు అట్టివి కన్పట్టినపుడు తొందరపడి తిరస్కరింపకుందుము.

4

వస్తువు ఏ దేశపుదో కావ్యము ఆ దేశపుదే యనుట ఎంత పొరపాటో బేవుల్ఫ్ చరిత్ర తెలుపుచున్నది. ఈ ప్రాచీనాంగ్ల కావ్యమునకు క్రీ. శ. 1000 ప్రాంతపు వ్రాతప్రతి యొక్కటియే మిగిలినది. 1731లో లండనున జరిగిన అగ్నిప్రమాదమున అదియు అంచులు కాలినది. కథ డేనుల రాజగు హ్రోత్‌గార్ మందిరమున మొదలగును. నాయకుడు గీట్ జాతివాడు. ఇంగ్లండు ప్రసక్తి కథలో ప్రధానముగా లేదు. ఐస్లండున పుట్టి డెన్మార్కు రాజోద్యోగియైన థార్కెలిన్ 1786 ప్రాంతమున లండనుకు పోయి దానికి నకళ్లు సిద్ధపరచెను. 1807లో ఆంగ్లనౌకాదళము కోపెన్‌హాగన్‌పై ఫిరంగులు ప్రేల్చినపుడు ఆయన యిల్లు కాలి, ముద్రణకై సిద్ధపరచిన కృషి నశించెను. నకళ్లు మాత్రము మిగిలినవి. మరల పూని 1815లో ప్రకటించిన ఆ ప్రథమముద్రణమున, దానిని ఆంగ్లో–సాక్సను మాండలికమున నున్న డేనిష్ కావ్యమని ఆయన పేర్కొనెను. 1820లో గ్రుండ్ట్‌విగ్ దానిని డేనిష్ భాషలోనికి పరివర్తించెను.

థార్కెలిన్ వాదమునకు ఆధారము వస్తువు. స్థలము డేనులది, రాజు డేనుడు. కావున కావ్యము డేనులదని తర్కము. ఆయన కృషి గౌరవింపదగినదే. ఆయన నకళ్లు లేనిచో అగ్నికి దగ్ధమై రాలిన అక్షరములు కొన్ని మనకు దక్కెడివి కావు. కాని ఆ తర్కము నిలువలేదు. క్రైస్తవమతమును స్వీకరించిన ఆంగ్లకవి, తన పూర్వుల వీరలోకమును దూరమునుండి, గౌరవముతోను విషాదముతోను చూచుచు రచించిన కావ్యమది. ఆ చూపు డేనులది కాదు. 1936లో టోల్కీన్ తన ప్రసిద్ధోపన్యాసమున ఆక్షేపించినదియు ఇదియే: పండితులు ఆ కృతిని చరిత్రకు గనిగా త్రవ్విరి గాని కావ్యముగా చదువలేదని. మూలాన్వేషణమే విమర్శయని తలచు పరిశోధకులందరును ఆ మాటను మననము చేసికొనదగును.

డెన్మార్కుకు కలిగిన మరియొక యనుభవము మనకు మరింత దగ్గర. 1871లో జార్జి బ్రాండెస్ కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయమున యూరపు సాహిత్యధోరణులపై ఉపన్యాసముల నారంభించెను. 1875లో వెలువడిన నాలుగవ సంపుటము ఆంగ్లకవులను గూర్చినది; వర్డ్స్‌వర్త్, షెల్లీ, బైరనులు అందు చర్చింపబడిరి. ఆయన లక్ష్యము డేనులకు ఆంగ్లకవుల అనుకరణమును నేర్పుట కాదు. జీవించు సాహిత్యము సమస్యలను చర్చకు తెచ్చునని, తన దేశపు సాహిత్యము ఆ పనిని మానివేసినదని ఆయన వాదము. పరసాహిత్యమునుండి గ్రహింపవలసినది కథను కాదు, ప్రశ్నించు శక్తిని అని దీని తాత్పర్యము. అదే దశాబ్దమున గోదావరీతీరమున కందుకూరి వీరేశలింగముగారు ‘వివేకవర్ధని’ పత్రికను నడుపుచు ఇట్టి పనినే చేయుచుండిరి. ఇరువురికిని పరిచయము లేదు. కాని అవసరము ఒక్కటియే.

5

తెలుగున తొలినవలలలో నెక్కువ ప్రభావము చూపిన ‘రాజశేఖర చరిత్రము’నకును, నవ్యకవిత్వమునకు తొలివెలుగులలో ఒకటియైన ‘లలిత’కును మూలము ఒక్క ఆంగ్లగ్రంథమే యనుట పలువురు గమనింపని విషయము. ఆ గ్రంథము 1766లో వెలువడిన ఆలివర్ గోల్డుస్మిత్తు నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. నవలాకథ ఒకరిని, ఆ నవలలో ఎనిమిదవ ప్రకరణమున పొదిగిన ‘హెర్మిట్’ అను గీతకథ మరియొకరిని ఆకర్షించినవి.

ఆ గీతమునకు వేరొక చరిత్ర కలదు. పురుషవేషమున వచ్చిన బాటసారికి ఒక సన్న్యాసి ఆశ్రయమిచ్చును. ఆ బాటసారి స్త్రీ యని తెలియును. తన గర్వముచే ప్రియుని పోగొట్టుకొంటినని యామె విలపించును. ఆ సన్న్యాసియే ఆ ప్రియుడని తుదకు తెలియును. ఈ కథను బిషప్ పెర్సీ రచించిన ‘ఫ్రయర్ ఆఫ్ ఆర్డర్స్ గ్రే’ యను గీతమునుండి దొంగిలించెనని 1767లో గోల్డుస్మిత్తుపై పత్రికాముఖమున నింద వచ్చెను. తన గీతమే ముందుదని గోల్డుస్మిత్తు ప్రత్యుత్తరమిచ్చెను. పెర్సీయు నా మాటనే సమర్థించి, అనుకరణమే యున్నచో ఇరువురును ఒక ప్రాచీన జానపదగీతమునకే ఋణపడియుందురని తేల్చెను.

చమత్కారమేమనగా, పెర్సీ గీతము షేక్స్పియరు నాటకములందు చెదరియున్న పాటతునకలను కూర్చి యల్లినది. ఆ తునకలలో ముఖ్యమైనది హామ్లెట్ నాటకమున మతిచెడిన ఒఫీలియా పాడు పాట. సాక్సో కథలో పేరులేని యువతియే షేక్స్పియరు చేతిలో ఒఫీలియా యైనది. డెన్మార్కు కథ, ఆంగ్లనాటకము, జానపదగీతము, గోల్డుస్మిత్తు, అటుపై తెలుగు ఖండకావ్యము — ఇట్లు వరుసగా నిలుపుట సులభము. కాని పెర్సీకిని గోల్డుస్మిత్తునకును నడుమనున్న లంకె నిరూపితము కాదు గాన, దీనిని వంశవృక్షముగా గాక, వస్తువు ఎవరియొక్కరి సొత్తును కాదనుటకు దృష్టాంతముగా మాత్రమే గైకొనవలెను.

6

రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనిలో వెలువడ నారంభించి, 1880లో పుస్తకరూపము దాల్చినది. ‘వివేకచంద్రిక’ యని దీనికి నామాంతరము. గోల్డుస్మిత్తు నవలను తెలిగింప నారంభించి, అది నచ్చక విడిచి, స్వతంత్రముగా రచించితినని వీరేశలింగముగారు స్వీయచరిత్రమున చెప్పుకొనిరి. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ‘వివేకచంద్రికా విమర్శనము’ను ప్రకటించినది మొదలు ఈ నవలయందలి స్వంతమెంత యను వాదము సాగుచునేయున్నది. మన సూత్రముతో దీనిని పరిశీలింతము.

గోల్డుస్మిత్తు నవలలో ప్రింరోజ్ అను క్రైస్తవాచార్యుని కుటుంబము దారిద్ర్యము పాలగుటకు కారణము, ఆయన సొమ్ము దాచుకొన్న వర్తకుడు దివాలాతీసి పారిపోవుట. అది బయటినుండి వచ్చిపడిన యాపద. ఆ మంచివాని ఓర్పునకు అది పరీక్ష. ధవళేశ్వరపు రాజశేఖరుని కుటుంబము చెడుటకు కారణము అది కాదు. స్తోత్రపాఠకులను నమ్ముట, జ్యోతిష్కులను, భూతవైద్యులను నమ్ముట, బంగారము చేయుదునని వచ్చిన యోగిని నమ్మి ఉన్న బంగారమును పోగొట్టుకొనుట — ఇవి కారణములు. రాజశేఖరుడు దుర్మార్గుడు కాడు, అవివేకి. అతని అవివేకము అతనిదొక్కనిదే కాదు, అతని సంఘమందంతటను వ్యాపించినది. దైవికమైన యాపద వీరేశలింగముగారి చేతిలో సాంఘికమైన యాపదగా మారినది. ఓర్పును బోధించు కథ వివేకమును బోధించు కథయైనది. గ్రంథమునకు పెట్టిన రెండవ పేరు ఈ మార్పునే చాటుచున్నది.

కావున ఈ నవల పూర్వార్ధము పరపురప్రవేశసదృశము. దీనికి బాహ్యసాక్ష్యము కూడ కలదు. 1887లో హచిన్సన్ ఈ నవలను ‘ఫార్చూన్స్ వీల్’ అను పేర లండనులో ఆంగ్లమునకు పరివర్తించెను. గోల్డుస్మిత్తును ఇంటింట చదువుకొన్న జాతికి గోల్డుస్మిత్తు ప్రతిబింబముతో పనిలేదు. వారికి కావలసినది అతనిలో లేనిది. అది ఇందు కన్పించినది గనుకనే పరివర్తనము జరిగినది.

కాని హామ్లెట్ నందువలెనే ఇచ్చటను అతుకు ఒకటి మిగిలినది. గోల్డుస్మిత్తు నవలలో బర్చెల్ అను పేర తిరుగుచున్న దరిద్రుడు తుదకు ప్రభువని తెలిసి, చిక్కులన్నియు విడిపోవును. రాజశేఖర చరిత్రమునను పెద్దాపురపు ప్రభువు మారువేషమున సంచరించి, తుదకు నిజరూపము చూపి, న్యాయము చేకూర్చును. ఆపద దైవికమైనచోట ఉద్ధారమును ఆకస్మికముగ వచ్చుట సరిపోవును. ఆపద అవివేకమునుండి పుట్టినచోట, ఉద్ధారము వివేకమునుండియే పుట్టవలెను. ప్రభువు కరుణ దానికి ప్రత్యామ్నాయము కాజాలదు. మొదటి భాగమున కారణమును మార్చిన రచయిత కడపటి భాగమున పాతకారణపు ఫలమునే యుంచుకొనెను. ఇది ఈ నవలలోని ఆలేఖ్యభాగము. దోషము ఎరవు తెచ్చుటయందు లేదు. తెచ్చినదానిని తుదివరకు మార్చకుండుటయందున్నది.

7

రాయప్రోలు సుబ్బారావుగారి ‘లలిత’ 1909లోను, ‘అనుమతి’ 1910లోను వెలువడినవి. మొదటిదానికి హెర్మిట్ గీతము, రెండవదానికి టెన్నిసన్ ‘డోరా’ ఆధారములు. డోరా సైతము టెన్నిసన్‌కు స్వకపోలకల్పితము కాదు. మేరీ రసెల్ మిట్‌ఫర్డ్ వ్రాసిన యొక కథనుండి గైకొన్నది. ఈ రెండు తెలుగుకృతుల విశిష్టత రూపమునందు, భాషయందు కలదు. పురాణకథలతో పనిలేక, సామాన్యుల ప్రణయమును చిన్నపరిమాణమున, మృదువైన పలుకుబడితో చెప్పుట ఆనాటికి నూతనమార్గము. కాని కథయొక్క మూలకారణము మాత్రము ఆంగ్లకవులదే.

కారణము మారినది 1913 నాటి ‘తృణకంకణము’న. హెర్మిట్ గీతమున ప్రేయసీప్రియులను విడదీసినది నాయిక గర్వము. అది వ్యక్తిదోషము గాన పశ్చాత్తాపముచే తొలగును. తొలగినంతనే గుర్తుపట్టుట, కలయిక. తృణకంకణమున విడదీయునది వివాహవ్యవస్థ. చిన్ననాటి యనురాగము ఫలింపక ఆమె పరునకు ఇల్లాలైనది. ఎంత పశ్చాత్తాపమును దీనిని తొలగింపలేదు. కావున గోల్డుస్మిత్తు ముగింపు ఇచ్చట అసాధ్యము. పునస్సమాగమాశ లేని వియోగమును విప్రలంభముగా గాక కరుణముగా మన శాస్త్రము లెక్కించును. రాయప్రోలు ఆ రెండింటిని కాదని మూడవత్రోవ తొక్కిరి: అనురాగమును స్నేహముగా మార్చి, గడ్డిపోచ కంకణమును దానికి గుర్తుచేసిరి. అమలినశృంగారమను వారి సిద్ధాంతము ఈ యిక్కట్టునుండి పుట్టినదే.

అమలినశృంగారమును ఆంగ్లకాల్పనికుల ప్లేటోనిక ప్రణయమునకు అనువాదమని కొట్టివేయుట విమర్శకులలో పరిపాటి. ఆంగ్లకవులయం దిట్టి భావములు లేకపోలేదు. కాని తెలుగుకవికి ఇది భావనావిలాసము కాదు. తాను చిత్రించిన సంఘమున నాయికానాయకులకు మిగిలిన మార్గము ఇదొక్కటియే. ఆ మార్గము సమస్యకు పరిష్కారమా, లేక సమస్యనుండి తప్పుకొనుటయా యని ప్రశ్నింపవచ్చును. మాకు రెండవదే యనిపించుచున్నది: వ్యవస్థను ప్రశ్నింపవలసిన వేదనను కవి పావనముచేసి ఊరడించెను. కాని ఆ ప్రశ్నను రాయప్రోలునే అడుగవలెను, గోల్డుస్మిత్తును గాదు. ప్రశ్న అడుగవలసినవాడు మారినాడనగా కృతి స్వంతమైనదని యర్థము.

8

ఇంతవరకు చేసిన విచారణమునుండి పరిశోధకులకు మూడు ప్రశ్నలను సూచింపగలము. అన్యభాషాకృతికిని తెలుగుకృతికిని పోలిక కన్పడినపుడు, ముందుగా, కార్యములు ఒక్కటియైనను వానికి కారణము ఒక్కటియేనా యని యడుగవలెను. రెండవది, కారణము మారినచో ఆ మార్పు కృతియంతటను వ్యాపించినదా, లేక పాతకారణపు ఫలములు కొన్ని ఎండుటాకులవలె అంటియున్నవా యని చూడవలెను. మూడవది, మారిన కారణము గ్రహీత జీవించిన సంఘమునుండి వచ్చినదా, కేవలము చమత్కారమునకై కల్పించినదా యని విచారింపవలెను. ఈ మూడింటికిని సమాధానము చెప్పినపిమ్మట పోలికల పట్టిక వేసినను నష్టము లేదు. అప్పుడది సాక్ష్యమగునేగాని తీర్పు కాదు.

ఈ సూత్రమునకు హద్దు లేకపోలేదు. ఇది ఇతివృత్తము గల కృతులకే చెల్లును. భావగీతములందు కారణమను మాటకు వేరు అర్థము చెప్పవలసియుండును. మూలమును యథాతథముగా పరివర్తించు భాషాంతరీకరణములకును ఇది వర్తింపదు. వానికి శ్రీనాథుడు శృంగారనైషధాంతమున చెప్పుకొన్న నియమములు, అనగా మూలశబ్దము ననుసరించుట, కవి యభిప్రాయమును గుర్తించుట, రసమును పోషించుట మున్నగునవి, నేటికిని చాలును.

ఎరవుతెచ్చిన ప్రక్రియ పరిపూర్ణముగా మనదగుటకు ఎంతకాలము పట్టునో చూపుటకు పండితరాయల గ్రామమునే మరల తలచుకొనదగును. అదే ముంగండకు చెందిన మహీధర రామమోహనరావుగారు 1965లో ప్రకటించిన ‘కొల్లాయిగట్టితేనేమి?’ నవలకు 1968లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి బహుమానము లభించినది. నవలాప్రక్రియ ఆంగ్లమునుండి వచ్చినదే. కాని అందు 1920 ప్రాంతపు కోనసీమ యగ్రహారమును కదలించు కారణములన్నియు — సహాయనిరాకరణోద్యమము, చదువుమానిన యువకుడు, ఆచారముతో పోరు, కులముల నడుమ మారుచున్న సంబంధములు — ఆ నేలలోనే పుట్టినవి. మారువేషమున వచ్చి రక్షించు ప్రభువు అందు లేడు. మనుష్యులు తమ చిక్కులను తామే విప్పుకొనవలసివచ్చినది. రాజశేఖర చరిత్రమునందు మిగిలిపోయిన అతుకు ఎనుబదియైదు సంవత్సరములకు ఇట్లు విడిపోయినది.

పరుల పూలవాసనను తలపననిన పండితరాయల ప్రతిజ్ఞ గొప్పది. అది ఒక్కనికి సాధ్యము. సాహిత్యమంతటికి అది సాధ్యము కాదు, అవసరమును కాదు. డేనుల కథను ఆంగ్లేయులు, ఆంగ్లేయుల కథను ఆంధ్రులు తెచ్చుకొనిరి. తెచ్చుకొన్నదానికి తమ జీవితమునుండి కారణమును చెప్పగలిగినచోట ఆ కథ వారిదైనది. చెప్పలేనిచోట అది ఎరవుగనే మిగిలినది. విమర్శకుని పని ఆ చోట్లను వేరుచేసి చూపుటయే.